కీచుమన్నప్పుడల్లా బెల్టు బిగిస్తే డైనమో బేరింగ్ పోతుంది

కారు 1.2 లీటర్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, తొంభై వేల కిలోమీటర్లు దాటింది. మొదట ఉన్నది ఒక్కటే చప్పుడు. పొద్దున్నే స్టార్ట్ చేయగానే బానెట్ కింద కీచుమని అరిచి నాలుగైదు సెకన్లలో ఆగిపోయేది. గ్యారేజీలో ఫ్యాన్ బెల్టు లూజైందని బిగించి పంపారు. కొన్ని నెలలకు మళ్లీ అరిచింది, మళ్లీ బిగించారు. ఆ తర్వాత అరుపు పోయి గరగర మొదలైంది. ఐడిల్‌లో సన్నగా ఉండి, యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ హోరుగా మారే రకం. దానికీ అదే జవాబు వచ్చింది, బెల్టేనన్నారు. అది బెల్టు కాదని తేల్చుకుని, డైనమో దింపి బేరింగులు మార్చి, కొత్త బెల్టును కొలిచి బిగించేదాకా చేసిన పని ఇక్కడ రాస్తున్నాను. ఇంజన్ తిరుగుతున్నప్పుడు కరెంటు తయారుచేసి బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్‌ను మన షెడ్లలో డైనమో అనే అంటారు, నేనూ అదే మాట వాడతాను.

బానెట్ ఎత్తి చెవి పెట్టి ఎక్కడి నుంచి వస్తోందా అని వెతికితే పెద్దగా ఏమీ తేలదు. ఇంజన్ బ్లాకు, బ్రాకెట్లు, డైనమో, ఏసీ కంప్రెసర్ అన్నీ బోల్టులతో ఒకటిగా బిగించిన లోహమే కాబట్టి ఒకచోట పుట్టిన చప్పుడు చుట్టుపక్కలంతా ఒకేలా వినిపిస్తుంది. అది ఎప్పుడు వస్తోంది, దేనితో మారుతోంది అన్నదే ముందు పట్టుకోవాలి. ఒక్కసారికి ఒక్కటే మార్చి వినాలి. ఏసీ, లైట్లు, యాక్సిలరేటర్ కలిపి మారిస్తే ఏది దేనివల్ల మారిందో తెలియదు.

బండి చదునైన చోట, న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ వేసి ఉండాలి. చున్నీ, మెడలో ఐడీ కార్డు, ఉంగరం, వాచీ తీసేయాలి, చొక్కా చేతులు మడవాలి. రేడియేటర్ ఫ్యాన్ కరెంటుతో తిరిగేది. ఇంజన్ ఆపాక కూడా కొన్ని బళ్లలో ఉన్నట్టుండి తిరుగుతుంది, అటువైపు చెయ్యి పెట్టకూడదు. ఇంజన్ రాత్రంతా ఆగి ఉన్నప్పుడు మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే చల్లటి స్టార్టులో వచ్చే చప్పుడు మళ్లీ మర్నాటిదాకా దొరకదు.

ముందు నిలబడ్డ బండిలోనే 2000, 2500 ఆర్‌పీఎం దాకా తొక్కి చూశాను. గరగర దానితోపాటే పెరిగింది. కాబట్టి చక్రాల బేరింగులు, టైర్లు లెక్కలో లేవు. క్లచ్ పూర్తిగా తొక్కాను, మార్పు లేదు. క్లచ్ తొక్కగానే చప్పుడు పోతే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్టు బేరింగ్‌ను, తొక్కినప్పుడే వస్తే రిలీజ్ బేరింగ్‌ను అనుమానించాలి. ఏసీ వేశాను, కంప్రెసర్ క్లచ్ టక్‌మని పట్టింది, ఐడిల్ కొంచెం లేచింది, గరగర దాదాపు అలాగే ఉంది. ఏసీ ఆపి, హై బీమ్ లైట్లు, బ్లోవర్ ఫుల్లు, వెనక అద్దం హీటరు వేశాను. గరగర అప్పటికప్పుడే బరువెక్కింది. ఒక్కొక్కటీ ఆపేస్తూ వస్తే తగ్గుతూ వచ్చింది.

కరెంటు వాడకంతో మారే చప్పుడు డైనమోవైపే చూపిస్తుంది. డైనమో ఎంత కరెంటు ఇస్తే లోపల తిరిగే భాగం, అంటే రోటరు, తిరగడానికి అంత బలం కావాలి. 50 ఆంపియర్లు, 14 వోల్టులు అంటే 700 వాట్లు. ఇలాంటి డైనమో సామర్థ్యం 55–60 శాతం దగ్గర ఉంటుంది కాబట్టి బెల్టు మీద పడే భారం 1200 వాట్ల దగ్గర ఉంటుంది, అంటే ఒకటిన్నర హార్స్‌పవర్‌కు పైగా. అదంతా నాలుగు గీతల (లోపలివైపు పొడవునా ఉండే గట్లు) సన్నటి రబ్బరు బెల్టే లాగాలి, ఆ లాగుడంతా డైనమో ముందు బేరింగ్ మీదే పడుతుంది. పొద్దున స్టార్టులోనే బెల్టు ఎందుకు అరుస్తుందన్నదీ ఇందులోనే ఉంది. సెల్ఫ్ కొట్టడానికి బ్యాటరీ ఖర్చుపెట్టిన దాన్ని డైనమో ఆ మొదటి క్షణాల్లోనే తిరిగి నింపడం మొదలుపెడుతుంది, చల్లబడ్డ రబ్బరేమో గట్టిగా ఉంటుంది.

కరెంటు పవర్ స్టీరింగ్ ఉన్న కార్లలో ఇంకో తిరకాసు ఉంది. నిలబడి స్టీరింగ్ చివరిదాకా తిప్పితే బెల్టు కీచుమంటుంది, జనం స్టీరింగ్ పంపు అంటారు. ఆ కార్లలో పంపే ఉండదు. స్టీరింగ్ మోటారు ఒక్కసారిగా పదుల ఆంపియర్లు లాగుతుంది, ఆ భారం డైనమో మీదుగా బెల్టు మీద పడి బెల్టు జారుతుంది.

ఈలోగా పక్కన పెట్టగలిగినవి పక్కన పెట్టాను. సైలెన్సర్ మానిఫోల్డు మీది రేకు వదులైతే ఏదో ఒక ఆర్‌పీఎం దగ్గరే గలగలమంటుంది, కర్రతో నొక్కి పట్టుకుంటే ఆగుతుంది. మానిఫోల్డు గ్యాస్కెట్ లీకైతే చల్లగా ఉన్నప్పుడు టపటపమని, లోహం వేడెక్కి వ్యాకోచించాక తగ్గుతుంది. టైమింగ్ చెయిన్ టెన్షనర్ బలహీనపడితే చల్లటి స్టార్టులో ఒకటి రెండు సెకన్లు గలగలమని, ఆయిల్ ప్రెషర్ వచ్చాక ఆగుతుంది. ఇంజెక్టర్ల టిక్‌టిక్, పెట్రోల్ ఆవిరిని ఇంజన్‌లోకి వదిలే క్యానిస్టర్ పర్జ్ వాల్వు టకటక జబ్బులు కావు. లోడు మీద కింద నుంచి దబ్‌దబ్‌మని మోతగా వస్తే మాత్రం కనెక్టింగ్ రాడ్ బేరింగ్ కావచ్చు. అప్పుడు పరీక్షలన్నీ మాని ఇంజన్ ఆపేసి, ఆయిల్ మట్టం చూసుకుని, బండిని లాగించుకుని తీసుకెళ్లాలి.

మొదటి చప్పుడు, ఆ కీచు, బెల్టుదేనా అన్నది తేల్చడానికి స్ప్రే సీసాలో మామూలు నీళ్లు చాలు. ఇంజన్ తిరుగుతుండగా బెల్టు గీతల వైపు కొద్దిగా చల్లాలి. కిచకిచ ఆగి, నీళ్లు ఆరగానే మళ్లీ వస్తే పుల్లీలు, అంటే బెల్టు తిరిగే చక్రాలు, ఒకే వరుసలో లేవని అర్థం. నీళ్లు పడగానే అరుపు ఇంకా పెరిగితే బెల్టు జారుతోందని, అంటే బిగువు చాలదనో, బెల్టే అరిగిపోయిందనో అర్థం. నీళ్లతో ఏ తేడా రాకపోతే అది బెల్టు చప్పుడు కాదు. నేను విన్న గరగరలో ఏ తేడా రాలేదు. సబ్బు ముక్క రుద్దడం, కొబ్బరినూనె రాయడం, బెల్టు డ్రెస్సింగ్ స్ప్రే కొట్టడం అనే వైద్యాలు చాలాచోట్ల చేస్తారు. చప్పుడు వారం పాటు ఆగుతుంది, ఆ జిగట దుమ్మును పట్టి పుల్లీ గాళ్లలో పేరుకుంటుంది. పరీక్షకు పనికొచ్చే లక్షణం కూడా పోతుంది.

తర్వాత పొడవాటి స్క్రూడ్రైవర్. పిడిని చెవి వెనక ఎముకకు ఆనించి, కొనను తిరగని భాగం మీద, బేరింగ్ ఉన్నచోట పెట్టాలి. డైనమో ముందు ఒంటి (బయటి లోహపు డొక్క) మీద పెడితే లోపల రాళ్లు నలిగినట్టుంది. వెనక ఒంటి మీద తక్కువ. వాటర్ పంపు మీద కూడా వినిపించింది కానీ అది పక్కనుంచి పాకిన చప్పుడు. ఏసీ కంప్రెసర్ నిశ్శబ్దంగా ఉంది. వినిపించిందా లేదా అని కాక, అన్నిటికన్నా ఎక్కువ ఎక్కడ అన్నదే చూడాలి. మెకానిక్ స్టెతస్కోపు కొన్ని వందలకు దొరుకుతుంది, ఉంటే సుఖమే, స్క్రూడ్రైవర్‌తో కూడా పని జరుగుతుంది.

బెల్టు విప్పకముందే ఒక కొలత తీసుకోవాలి, ఎందుకంటే విప్పాక అది మళ్లీ దొరకదు. రెండు పుల్లీల మీద స్టీలు స్కేలు అడ్డంగా ఆనించి, వాటి మధ్య పొడవాటి భాగంలో బెల్టు నడుమున 10 కిలోల బలంతో లాగితే ఎన్ని మిల్లీమీటర్లు వంగుతుందో చూడాలి. బొటనవేలి అంచనా మనిషి మనిషికీ మారుతుంది. సూట్‌కేసు తూకం వేసే కొక్కెం త్రాసు బెల్టుకు తగిలించి లాగితే సరిగ్గా 10 కిలోలు పెట్టవచ్చు. చిన్న పెట్రోల్ కార్లలో వాడిన బెల్టు సాధారణంగా 6 నుంచి 8 మి.మీ., కొత్తది 4 నుంచి 6 మి.మీ. వంగాలి, బండికి సరైన అంకె మాన్యువల్లో ఉంటుంది. ఇక్కడ 2 మి.మీ. కూడా వంగలేదు. వీణ తీగలా బిగించి ఉంది.

బెల్టు విప్పి ఇంజన్‌ను కాసేపు తిప్పి చూడటం తీర్పులాంటి పరీక్ష. ఈ బండిలో ఏసీకి వేరే బెల్టు, అది బయటివైపు ఉంటుంది. వాటర్ పంపునూ డైనమోనూ ఇంకో బెల్టు తిప్పుతుంది. ముందు బెల్టు దారి ఫోటో తీసుకుని, తిరిగే దిశ బాణం గీసుకుని, ఏసీ బెల్టు తీసి స్టార్ట్ చేశాను. గరగర ఉంది. ఆపి రెండో బెల్టు కూడా తీశాను. స్టార్ట్ చేస్తే గరగర పూర్తిగా పోయింది. బ్యాటరీ లైటు వెలుగుతుంది, అది సహజమే. వాటర్ పంపు తిరగదు కాబట్టి చల్లటి ఇంజన్ మీదే, అర నిమిషానికి మించకుండా చేయాలి. బెల్టులు లేకపోయినా చప్పుడు ఉంటే వ్యవహారం ఇంజన్ లోపలిది, డైనమో జోలికి పోనక్కర్లేదు. కొన్ని కొత్త కార్లలో బిగువు సర్దే అడ్జస్టర్ లేని సాగే బెల్టు ఉంటుంది. దాన్ని కోసి తీస్తారు, కొత్తది ఎక్కించడానికి ప్రత్యేకమైన పనిముట్టు కావాలి. అలాంటి వాటిలో చేతిలో కొత్త బెల్టు లేకుండా ఈ పరీక్షకు దిగకూడదు.

బెల్టులు లేనప్పుడు ఒక్కొక్క పుల్లీని చేత్తో తిప్పాలి. ఊరికే తిప్పితే చెడిపోయిన బేరింగ్ కూడా బాగానే తిరిగినట్టుంటుంది. పుల్లీని ఒకవైపు గట్టిగా లాగిపట్టి, మెల్లగా తిప్పితేనే గరుకు చేతికి తెలుస్తుంది. డైనమో పుల్లీ అలా తిప్పితే తట్టుకుంటూ తిరిగింది. వాటర్ పంపు పుల్లీలో ఊగిసలాట లేదు, దాని కింది చిన్న రంధ్రం దగ్గర కూలెంట్ ఎండిన రంగు చారలు లేవు. చారలుంటే పంపు సీలు పోయినట్టే, చుక్కలు బెల్టు మీద పడి అదీ అరుస్తుంది. ఏసీ పుల్లీ బేరింగ్ ఏసీ వేసినా వేయకపోయినా తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి ఏసీ ఆపితే చప్పుడు ఆగలేదు గనుక కంప్రెసర్ కాదు అనే వాదన చెల్లదు, చేత్తో తిప్పి చూడాల్సిందే. డీజిల్ కార్లు చాలావాటిలో డైనమో పుల్లీ ఒకవైపే పట్టుకుని రెండోవైపు జారే రకం. అది రెండువైపులా పట్టేసినా, రెండువైపులా జారినా పుల్లీయే మార్చాలి, బేరింగ్ కాదు.

దింపేముందు, బెల్టులు తాత్కాలికంగా ఎక్కించి, డైనమో కరెంటు సంగతి చూసుకోవాలి. బ్యాటరీ కొనల దగ్గర ఐడిల్‌లో 14.2 వోల్టులు, అన్నీ వేసినప్పుడు 13.8. మీటరును ఏసీ (ఇక్కడ ఆల్టర్నేటింగ్ కరెంటు) వోల్టుల మీద పెడితే 0.1 లోపే. అంటే కరెంటును ఒకే దిశలో పోనిచ్చే డయోడ్లు బాగున్నాయి. ఏసీ వోల్టులు 0.5 దాటితే డయోడ్ పోయిందని అనుమానించాలి, అప్పుడు బేరింగులు ఒక్కటే మార్చడం వృథా, మంచి రీకండిషన్డ్ డైనమో కొనడమే నయం. ఇక్కడ మార్చాల్సింది బేరింగులే. రెండూ కలిపి వెయ్యి రూపాయల లోపు సరుకు.

బ్యాటరీ నెగెటివ్ కొన విప్పకుండా డైనమో జోలికి వెళ్లకూడదు. డైనమో వెనక రబ్బరు టోపీ కింద ఉన్న లావు వైరు నేరుగా బ్యాటరీ పాజిటివ్‌ది, తాళం తీసేసినా అందులో కరెంటు ఉంటుంది. స్పానర్ ఒకవైపు దానికి, రెండోవైపు ఇంజన్‌కు తగిలితే మెరుపే. నెగెటివ్ విప్పాక ఆ నట్టు, కనెక్టరు ప్లగ్గు తీసి, అడ్జస్టర్ బోల్టు వదులు చేసి, డైనమోకు ఇరుసులా ఉండే కింది పొడవాటి పివట్ బోల్టు లాగాను. డైనమో పైనుంచి రాలేదు. ముందు కుడి చక్రం విప్పి, లోపలి ప్లాస్టిక్ కవరు తీస్తే ఆ దారిలో వచ్చింది. బండిని స్టాండు మీద నిలపాలి, జాకీ ఒక్కదాన్ని నమ్మి లోపలికి చెయ్యి పెట్టకూడదు.

బల్ల మీద పెట్టాక ముందు వెనక ఒళ్లు రెండూ కలిసే చోట నిలువుగా ఒక గీత గీయాలి, తిరిగి అదే స్థానంలో కలపడానికి. పుల్లీ నట్టు మొండిది. ఇది 22 నంబరు. ఇంపాక్ట్ గన్ ఉంటే క్షణంలో వస్తుంది. లేకపోతే షాఫ్టు కొనలో ఉన్న గాడిలో తగిన బిట్టు పెట్టి పట్టుకుని, రింగు స్పానర్‌తో తిప్పాలి. ఫ్యాన్ రెక్కల్లో స్క్రూడ్రైవర్ దూర్చి ఆపితే రెక్క వంగుతుంది, తర్వాత అదే కొత్త చప్పుడు. పాత బెల్టు ముక్క పుల్లీ చుట్టూ చుట్టి వైస్‌లో బిగిస్తే కూడా పట్టు దొరుకుతుంది.

వెనక కవరు, రోటరుకు కరెంటు అందించే బ్రష్షుల హోల్డరు, వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటరు తీశాకే రోటరు బయటికి వస్తుంది. ముందు ఒంటి నుంచి రోటరును రబ్బరు సుత్తితో కొట్టి దింపాను. ముందు బేరింగ్‌ను పట్టి ఉంచే ప్లేటుకు నాలుగు స్క్రూలు, ఏళ్ల తరబడి వేడికి పట్టేసి ఉంటాయి. మామూలు స్క్రూడ్రైవర్‌తో తలలు చెడిపోతాయి, సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవరు కావాలి. బేరింగ్ ఏ దిక్కున కూర్చుందో దాని మీదా ఒంటి మీదా పెయింటు చుక్క పెట్టి, ఆ తర్వాతే బయటికి నొక్కాను. ఆ చుక్క తర్వాత పనికొచ్చింది.

పాత బేరింగ్ సీలు పెకిలించి చూస్తే గ్రీజు గోధుమరంగులో ఎండి అట్టకట్టి ఉంది. బయటి రింగు లోపలివైపు గుంటలు పడ్డాయి, కానీ చుట్టూ కాదు, ఒక్క పక్కనే. చుక్క ప్రకారం చూస్తే ఆ పక్క సరిగ్గా క్రాంక్ పుల్లీ (ఇంజన్ నేరుగా తిప్పే పుల్లీ) వైపు, అంటే బెల్టు లాగే వైపు. నీళ్లు దిగి చెడితే తుప్పు చుట్టూ ఉండేది. వయసు మీరి అరిగినా గుంటలు ఆ పక్కనే పడొచ్చు. కానీ విప్పకముందు కొలిచిన బిగువును కూడా కలిపి చూస్తే ఇది బిగువు ఎక్కువై పోయిన బేరింగే అనిపిస్తుంది. బాల్ బేరింగ్ ఆయుష్షు భారం ఘనానికి విలోమంగా మారుతుంది. భారం పావు వంతు పెరిగితే ఆయుష్షు దాదాపు సగమవుతుంది, రెట్టింపైతే ఎనిమిదో వంతు మిగులుతుంది. ఐడిల్‌లో ఇంజన్ 750 తిరిగితే డైనమో దానికి రెండున్నర రెట్లు, సుమారు 1900 తిరుగుతుంది. హైవే మీద 3000 దగ్గర 7500. ఆ వేగంలో తిరిగేటప్పుడు, అడ్జస్టర్‌ను అదనంగా బిగించిన ప్రతి చుట్టు కూడా బేరింగ్ ఆయుష్షులోంచే తీసుకుంటుంది.

బెల్టు మొదట ఎందుకు అరిచిందో కూడా అప్పుడే తెలిసింది. ఇప్పటి బెల్టులు ఈపీడీఎం అనే సింథటిక్ రబ్బరువి, పాత నియోప్రీన్ రబ్బరు వాటిలా తేలిగ్గా పగుళ్లు రావు, కాబట్టి పగుళ్లు లేవు, బాగుంది అనడం తప్పు. ఇవి టైరులా అరుగుతాయి. కొత్త బెల్టు గీతల కొనలు పుల్లీ గాడి అడుగుకు తగలవు, పక్క గోడలనే పట్టుకుంటాయి, పట్టంతా ఆ ఇరుకులోనే ఉంది. అరిగిన బెల్టు కిందికి దిగి గాడి అడుగున ఆనుతుంది, పట్టు పోయి జారుతుంది. ఇది ఆ స్థితిలో ఉంది, గీతల పక్కలు గాజులా మెరుస్తున్నాయి. అలాంటిదాన్ని ఎంత బిగించినా అరుపు కొన్నాళ్లు వాయిదా పడటమే.

బేరింగ్ నంబరు దాని మీదే ఉంటుంది. ముందుది 6303, అంటే లోపలి రంధ్రం 17, బయటి వ్యాసం 47, వెడల్పు 14 మి.మీ. వెనకది 6202, అది 15, 35, 11. నంబరు ఒక్కటే సరిపోదు, దాని వెనక అక్షరాలు కూడా చూడాలి. రెండువైపులా రబ్బరు సీలు ఉండాలి. ఒక కంపెనీ దాన్ని 2ఆర్ఎస్ అంటుంది, ఎన్‌ఎస్‌కే డీడీయూ అని, ఎన్‌టీఎన్ ఎల్‌ఎల్‌యూ అని రాస్తాయి. జెడ్‌జెడ్ అని ఉంటే రేకు మూత, దుమ్మూ నీళ్లూ దిగుతాయి, డైనమోకు వద్దు. సీ3 ఉండాలి, అంటే లోపల గుండ్లకు మామూలు కన్నా కొంచెం ఎక్కువ ఖాళీ. డైనమో వేడికి లోపలి రింగు వ్యాకోచిస్తుంది, ఖాళీ లేకపోతే గుండ్లు బిగుసుకుపోతాయి. షాపులో 6303 అని మాత్రమే అడిగితే మామూలు రకం చేతిలో పెట్టే ప్రమాదం ఉంది, పాత బేరింగ్ తీసుకెళ్లి మొత్తం అక్షరాలు చూపించాలి. హైదరాబాద్‌లో రాణిగంజ్, విజయవాడలో ఆటోనగర్ లాంటి చోట్ల బేరింగుల షాపులు వరసగా ఉంటాయి, దొరకదన్న బెంగ లేదు. నకిలీల బెడద ఉంది. ఎస్‌కేఎఫ్ లాంటి కంపెనీ సరుకు అసలుదో కాదో చూసుకోవడానికి ఫోన్ యాప్ కూడా పెట్టింది. పక్క షాపు కంటే సగం ధరకు వస్తోందంటే వదిలేయడమే.

ఎక్కించేటప్పుడు ఒక్క సూత్రం: ఏ రింగు బిగుతుగా కూర్చోవాలో ఆ రింగునే నొక్కాలి. ముందు బేరింగ్ ఒంటి గూటిలో కూర్చోవాలి కాబట్టి 47 మి.మీ.కి కొంచెం తక్కువ సాకెట్‌తో బయటి రింగును నొక్కాలి. వెనకది షాఫ్టు మీద ఎక్కాలి కాబట్టి లోపలి రింగు మీద సరిపోయే పైపు ముక్క పెట్టి దింపాలి. తప్పు రింగు మీద కొడితే దెబ్బంతా గుండ్ల మీదుగా పోయి, కొత్త బేరింగ్ మొదటి రోజు నుంచే గుర్‌మంటుంది. ఒంటిని హీట్ గన్‌తో 80 డిగ్రీల దాకా వెచ్చ చేస్తే వ్యాకోచించి బేరింగ్ చేత్తోనే సగం దిగుతుంది. గ్యాస్ మంట పెట్టకూడదు. వెనక బేరింగ్ చుట్టూ పలుచని ప్లాస్టిక్ రింగు ఉంటే దాన్ని పారేయకుండా మళ్లీ వేయాలి, లేకపోతే గూటిలో బేరింగే తిరగడం మొదలవుతుంది.

డైనమో విప్పి ఉన్నప్పుడే ఇంకో రెండు మూడు చూసేయాలి. స్లిప్ రింగుల (రోటరు షాఫ్టు మీద బ్రష్షులు ఆనే రింగులు) మధ్య నిరోధం 2.6 ఓమ్‌లు వచ్చింది, 2 నుంచి 4 మధ్య ఉంటే సాధారణంగా రోటరు చుట్టు బాగున్నట్టే. రింగు నుంచి షాఫ్టుకు కరెంటు దారి ఉండకూడదు. రింగులను 600 నంబరు ఎమెరీ కాగితంతో తేలికగా తుడిచాను. బ్రష్షులు బయటికి 5 మి.మీ. కన్నా తక్కువ మిగిలితే మళ్లీ విప్పే శ్రమ కన్నా ఇప్పుడే మార్చడం తేలిక. బిగించేటప్పుడు బ్రష్షులు లోపలికి నొక్కి, హోల్డరులోని సన్నటి రంధ్రంలో పేపర్ క్లిప్పు తీగ గుచ్చి ఆపాలి, రోటరు కూర్చున్నాక లాగేయాలి. లేకపోతే షాఫ్టు కొన తగిలి బ్రష్షు విరుగుతుంది.

డైనమో ఎక్కించాక బెల్టు. దాని వీపు మీద 4పీకే 875 లాంటి నంబరు ఉంటుంది, అంటే నాలుగు గీతలు, 875 మి.మీ. పొడవు. ఐదు మి.మీ. తేడా ఉన్నది తెచ్చి అడ్జస్టర్‌తో సర్దేద్దాం అనుకుంటే చివర్లో అడ్జస్టర్‌కు చోటు మిగలదు. ఎక్కించేముందు పుల్లీ గాళ్లను వైరు బ్రష్షుతో శుభ్రం చేసి, క్రాంక్ పుల్లీ నుంచి డైనమో పుల్లీకి స్టీలు స్కేలు ఆనించి వరుస చూశాను. పక్కకు ఒకటిన్నర మిల్లీమీటర్ల తేడా ఉన్నా కిచకిచకు అది చాలు. బెల్టు ప్రతి గాడిలోనూ కూర్చుందా, ఒక గీత పక్కకు జరిగిందా అని అద్దం పెట్టి చూడాలి. ఇరుకులో ఇది తరచుగా జరుగుతుంది, ఒక గీత బయట ఉన్నా ఇంజన్ నడుస్తుంది, వందల కిలోమీటర్లలో బెల్టు నిలువునా చీలుతుంది.

బిగించేటప్పుడు పివట్ బోల్టు సగం వదులుగా ఉంచి అడ్జస్టర్ తిప్పాలి. పివట్ గట్టిగా ఉంటే డైనమో వంకరగా లాగబడి పుల్లీ వరుస తప్పుతుంది. డైనమోకూ ఇంజన్‌కూ మధ్య రాడ్డు దూర్చి తన్నిపట్టి బిగించే పద్ధతిలో బిగువు అదుపులో ఉండదు, ఈ బండికి జరిగిందీ అదే అయి ఉండొచ్చు. కొక్కెం త్రాసుతో 10 కిలోలు పెట్టి 4.5 మి.మీ. వచ్చేదాకా తిప్పాను. క్రాంక్ బోల్టుకు స్పానర్ పెట్టి ఇంజన్‌ను దాని మామూలు దిశలో రెండు చుట్లు తిప్పి మళ్లీ కొలవాలి, బెల్టు గాళ్లలో సర్దుకుని కొంచెం వదులవుతుంది. ఆ తర్వాతే పివట్, లాక్ బోల్టులు మాన్యువల్లో ఉన్న టార్క్‌కు బిగించాలి. ఇంజన్ పది నిమిషాలు నడిపి, చల్లారాక కొలిస్తే 6 మి.మీ. దాకా వంగింది. కొత్త బెల్టు మొదటి వేడికి సాగడం మామూలే, మళ్లీ 5కు తెచ్చాను.

మర్నాడు పొద్దున చల్లటి స్టార్టులో హై బీమ్, బ్లోవర్, వెనక హీటరు వేసి, స్టీరింగ్ చివరిదాకా తిప్పి విన్నాను. కీచు లేదు, గరగర లేదు. స్క్రూడ్రైవర్‌తో డైనమో ముందు ఒంటిని వింటే నున్నటి ఝుంకారం మాత్రం ఉంది, అది రోటరు ఫ్యాన్ గాలి చప్పుడు. బ్యాటరీ దగ్గర మళ్లీ 14.2 వోల్టులు. వెయ్యి కిలోమీటర్ల తర్వాత అదే త్రాసుతో అదే చోట కొలిస్తే బెల్టు 6.5 మి.మీ. వంగింది, వాడిన బెల్టు ఉండాల్సిన హద్దులోనే. అడ్జస్టర్ ముట్టుకోలేదు.